పనిమీద పంపినవారే జవాబు చెప్పాలి

2016 జూలై 22వ తేదీ ఉదయం ఎనిమిదిన్నర గంటలకు చెన్నై సమీపంలోని తాంబరం వైమానిక స్థావరం నుండి పోర్ట్ బ్లెయిర్‌కు ఒక ఆంటొనోవ్-32 రవాణా విమానం బయలుదేరింది. అందులో 29 మంది ఉన్నారు. విమానం నడిపే సిబ్బంది ఆరుగురు. వైమానిక దళం వారు 11 మంది. సైన్యం వారు ఇద్దరు. నౌకాదళం నుండి ఒకరు, తీరరక్షక దళం నుండి ఒకరు. మిగిలిన ఎనిమిదిమంది సైనికులు కారు. వారు విశాఖపట్నంలోని నౌకాదళ ఆయుధాగారంలో, అనగా ఎన్.ఏ.డి.లో, పనిచేసే పౌర ఉద్యోగులు. పోర్ట్ బ్లెయిర్‌లోని నౌకాదళ నౌకపై తుపాకి మరమ్మతు నిమిత్తం ప్రభుత్వం వారిని డ్యూటీపై పంపింది. బయలుదేరిన 42 నిమిషాలకు, 9 గంటల 12 నిమిషాల వేళ, చెన్నైకి తూర్పున 151 నాటికల్ మైళ్ల దూరంలో, 23,000 అడుగుల ఎత్తులో ఉన్న ఆ విమానం ఎడమవైపునకు తిరిగి వేగంగా ఎత్తు కోల్పోయినట్లు చెన్నై రాడారులో నమోదయింది. ఆ తరువాత మరేమీ తెలియరాలేదు. ప్రమాద సంకేతం సైతం అందలేదు.

ఆనాటి నుండి ప్రభుత్వ ప్రకటనలలోను, పత్రికలలోను ఈ సంఘటనకు స్థిరపడిన పేరు ‘విమానం అదృశ్యం’. ఈ మాటను మేము అంగీకరించము. ‘అదృశ్యం’ అనే మాటకు కర్త లేడు. ఎవరు పంపారు, ఏ వాహనంలో పంపారు, ఆ వాహనం ఆపదకు గురైతే వెదికి పట్టుకొనేందుకు అందులో ఏ ఏర్పాటు చేశారు అనే ప్రశ్నలకు ఆ మాటలో చోటు లేదు. విమానంతోపాటు బాధ్యత కూడా సముద్రంలో కలిసిపోయినట్లు అది ధ్వనిస్తుంది. కాని ఒక ఉద్యోగి తనంతట తానుగా అదృశ్యం కాడు. అతని ప్రయాణం వెనుక ఒక ఉత్తర్వు ఉంటుంది. ఉత్తర్వుపై ఒక సంతకం ఉంటుంది. ఎవరి సంతకంతో అతడు ఇల్లు విడిచాడో, అతనిని తిరిగి ఇంటికి చేర్చే బాధ్యత కూడా వారిదే. చేర్చలేకపోతే, ఎందుకు చేర్చలేకపోయారో జవాబు చెప్పవలసినదీ వారే. ఈ సూత్రం కోసమే మేమీ వ్యాసం వ్రాస్తున్నాము.

ఆ ఎనిమిదిమంది ఎవరు?

విశాఖ నగరంలో ఎన్.ఏ.డి. కూడలి తెలియనివారు లేరు. దినమూ వేలాదిమంది ఆ పేరు చెప్పి బస్సు ఎక్కుతారు, దిగుతారు. ఆ మూడు అక్షరాల వెనుక ఉన్న ఆయుధాగారంలో పనిచేసే మనుషుల గురించి మాత్రం ఎంతమందికి తెలుసు? వారు యుద్ధం చేసేవారు కారు. యుద్ధనౌకపై ఉన్న తుపాకి పనిచేయకపోతే, సముద్రం దాటి వెళ్లి దాన్ని విప్పి, సరిచేసి, బిగించి వచ్చే పనివారు. రైల్వే వర్కుషాపు నుండి బ్రేక్‌డౌనుకు వెళ్లే ఫిట్టరుకు, లైను సరిచేయడానికి నడిరాత్రి వెళ్లే సిగ్నల్ మెయింటెయినరుకు వారు సోదరులు.

పోర్ట్ బ్లెయిర్ కూడా మనకు పరాయి ఊరు కాదు. 2024 సెప్టెంబరులో దానికి శ్రీ విజయపురమని పేరు మార్చారు గాని, మన జనం నోట అది నేటికీ పోర్ట్ బ్లెయిరే. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి వెళ్లి అక్కడ స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ దీవులలో రైలు లేదు. ప్రధాన భూభాగంతో సంబంధమంతా ఓడద్వారా, విమానంద్వారానే. కనుక అక్కడికి డ్యూటీపై వెళ్లే ఉద్యోగికి వాహనాన్ని ఎంచుకొనే స్వేచ్ఛ నామమాత్రం. ఎక్కమన్న ఓడ ఎక్కాలి, ఎక్కమన్న విమానం ఎక్కాలి.

2004 ఏప్రిల్ 17న బెంగుళూరు జక్కూరు విమానాశ్రయం నుండి కరీంనగర్ ఎన్నికల ప్రచారానికి బయలుదేరిన చిన్న సెస్నా విమానం లేచిన కొద్ది నిమిషాలలోనే కూలి, నటి సౌందర్య, ఆమె సోదరుడు, మరి ఇద్దరు మరణించారు. ఆ మరణానికి తెలుగునాడు యావత్తూ దుఃఖించింది. అది సహజం. కాని ఆ నలుగురిలో విమానచోదకుడు కూడా ఒకడని, అతడు ఆ క్షణాన డ్యూటీలో ఉన్న పనివాడని గుర్తుంచుకొన్నవారెందరు? ప్రసిద్ధులు పోయినప్పుడు లోకం పేర్లు చెప్పుకొంటుంది. పనివారు పోయినప్పుడు అంకె చెప్పుకొంటుంది. 29 మంది అన్న అంకెలో విశాఖ ఉద్యోగులు ఎనిమిదిమంది అలాగే కలిసిపోయారు. చచ్చినవాని కండ్లు చారెడన్నట్లు సంతాప ప్రకటనలకు కొదవ ఉండదు. మనకు కావలసినది సంతాపం కాదు, సమాధానం.

సముద్రం ముందే నేర్పిన పాఠం

ప్రభుత్వం వెదకలేదని మేము అనడంలేదు. మరునాడే నాటి రక్షణమంత్రి మనోహర్ పారికర్ చెన్నై చేరి గాలింపును పర్యవేక్షించారు. అనేక నౌకలు, విమానాలు, జలాంతర్గామి సైతం పాల్గొన్నాయి. వెదికినవారు కూడా ఉద్యోగులే. వారి శ్రమకు మా నమస్కారం. మా ప్రశ్న వెదుకులాట మొదలైన తరువాతి సంగతి గురించి కాదు. వెదకడం సాధ్యమయ్యే ఏర్పాటు విమానం బయలుదేరకముందే ఎందుకు లేదన్నదే మా ప్రశ్న.

విమానం నీట మునిగినప్పుడు అడుగునుండి శబ్ద సంకేతాలు పంపే బీకన్ అనే చిన్న పరికరం ఒకటి ఉన్నది. ఈ ఆంటొనోవ్‌లో అటువంటి పరికరం లేదని అప్పుడే పత్రికలలో వెల్లడయింది. దాని ఉపయోగం ఎవరికీ తెలియదనుకొందామా? సుమారు ఏడాది క్రితం, 2015 జూన్ 8న, తీరరక్షక దళపు డోర్నియర్ విమానం ముగ్గురు సిబ్బందితో ఇదే తమిళనాడు తీరాన కూలింది. దాని బీకన్ పంపిన సంకేతాలను నౌకాదళ జలాంతర్గామి సింధుధ్వజ్ పసిగట్టింది. నెలకు కొంచెం పైగా గడిచేసరికి, దాదాపు వేయి మీటర్ల లోతునుండి దాని రికార్డరును వెలికితీశారు. ఇదే బంగాళాఖాతం ఇంత స్పష్టంగా పాఠం నేర్పిన తరువాత కూడా, ఏడాది గడిచినా, నిత్యం సముద్రం దాటే రవాణా విమానంలో ఆ పరికరం ఎందుకు చేరలేదు? ఈ ప్రశ్నకు సముద్రపు లోతు సమాధానం కాదు.

లోతు సంగతే చూద్దాం. 2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ విమానమొకటి అట్లాంటిక్ సముద్రంలో కూలింది. శకలాలు పడినచోట లోతు సుమారు 3,900 మీటర్లు. రెండేళ్లు తిరగకముందే, 2011లో, శకలాలను కనుగొన్నారు. రికార్డర్లను పైకి తీశారు. కారణాలను గ్రంథస్థం చేశారు. మన ఆంటొనోవ్ శకలాల జాడ దొరికినట్లు రక్షణశాఖ ప్రకటించినది 2024 జనవరి 12న. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారి స్వయంచాలిత జలాంతర్గత వాహనం, చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున వాటి ఛాయాచిత్రాలు తీసింది. ఆ పని చేసిన మన శాస్త్రజ్ఞులు అభినందనీయులు. కాని అప్పటికి ఏడున్నర సంవత్సరాలు గడిచిపోయాయి. ఆనాడు ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు అప్పటికి హైస్కూలులో ఉన్నాడు.

ఇది మొదటిసారి కూడా కాదు. 1984 నుండి మన వైమానిక దళంలో సేవచేస్తున్న ఈ తరగతి విమానాలలో ఒకటి 1986 మార్చిలో సోవియట్ యూనియన్ నుండి తెస్తుండగానే అరేబియా సముద్రంపై ఏడుగురితో జాడలేకుండా పోయింది. 2009 జూన్‌లో ఒకటి, 2019 జూన్ 3న మరొకటి అరుణాచల్ కొండలలో కూలి, చెరి 13 మందిని బలిగొన్నాయి. 2019లో వెదుకులాటకే ఎనిమిది రోజులు పట్టింది. విమానం మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పడానికి మేము ఇంజనీర్లము కాము. కాని కూలిన విమానాన్ని కనుగొనలేకపోవడం ఈ దేశంలో 1986 నుండి తెలిసిన సమస్య అని చెప్పడానికి ఇంజనీరు కానక్కరలేదు.

మూడు సాకులు

మొదటి సాకు: అది సైనిక విమానం, రహస్యాలుంటాయి. నిజమే, ఉంటాయి. 1944 నాటి షికాగో ఒడంబడిక ప్రకారం పౌర విమానయాన నియమాలు సైనిక విమానాలకు వర్తించవు. ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. టిక్కెట్టు కొని పోర్ట్ బ్లెయిర్ వెళ్లే ప్రయాణికునికి పౌర విమానయాన నియమాల రక్షణ ఉన్నది; ప్రమాదం జరిగితే విమానసంస్థ నుండి నష్టపరిహారం పొందే హక్కును చట్టమే ఇచ్చింది. అదే సముద్రంపై, అదే ఊరికి, ప్రభుత్వపు పనిమీద వెళ్లే పౌర ఉద్యోగి మాత్రం ఆ నియమాల నీడ దాటి వెళుతున్నాడు. పౌర చట్టం రక్షించని వాహనంలో పౌర ఉద్యోగిని ఎక్కించేవారు ఆ లోటును తామే పూడ్చాలి. విమానంలో బీకన్ ఉన్నదా లేదా అన్నది ఏ శత్రువుకూ పనికివచ్చే రహస్యం కాదు.

రెండవ సాకు: ప్రకృతి ముందు మానవుడు అల్పుడు. జూలై నెలలో బంగాళాఖాతంపై మేఘాలుంటాయని మత్స్యకారుల పిల్లలకు కూడా తెలుసు. తెలిసిన ఆపదను ప్రకృతి పేర దాటవేయడం తగదు. 1964 డిసెంబరు 22వ తేదీ రాత్రి తుపానులో పాంబన్–ధనుష్కోటి పాసింజరును సముద్రం మింగినప్పుడు, బండి నడుపుతున్న రైల్వే సిబ్బంది కూడా ప్రయాణికులతోపాటే పోయారు. ప్రకృతి ప్రతిసారీ ఉన్నది. హెచ్చరిక, పరికరం, నియమం అనేవి ఆ ప్రకృతికి ఎదురుగా మనుషులు పెట్టుకొన్న గోడలు. గోడ కట్టనివాడు వరదను నిందిస్తే ఎవరు నమ్ముతారు?

మూడవ సాకు: సైనికులు కూడా అదే విమానంలో వెళ్లారు గదా, పౌర ఉద్యోగులకు ప్రత్యేకత ఏమిటి? ప్రత్యేకత కోరడంలేదు. ఆ బీకన్ ఉండివుంటే 29 మంది కుటుంబాలకూ ఒకేవిధంగా జవాబు దొరికేది. సైనికుని ప్రాణం చవక అని మేము ఏనాడూ అనలేదు. పైగా, రాజ్యాంగపు 33వ అధికరణం ఆసరాగా వచ్చిన చట్టాలు యూనిఫారం ధరించినవారికి సంఘం పెట్టుకొనే స్వేచ్ఛ లేకుండా చేశాయి. నోరు విప్పగల హక్కు పౌర ఉద్యోగులకే మిగిలింది. ఆ నోరు 29 మంది పక్షాన విప్పవలసిన ధర్మం మనది.

చట్టం ఏమంటున్నది?

డ్యూటీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్నది పాత వివాదం. పోరుబందరు వద్ద ఉప్పు తయారీ కార్మికులు పని ముగించుకొని ఇళ్లకు వెళుతూ పడవ మునిగి మరణించిన కేసులో, అది ఎవరైనా ఎక్కదగిన పడవ కనుక యజమానికి బాధ్యత లేదని 1958లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు మనకు రుచించదు. కాని 1963లో అదే న్యాయస్థానం బొంబాయి బెస్ట్ సంస్థ బస్సు డ్రైవరు కేసులో వేరే మాట చెప్పింది. పని ముగించుకొని సంస్థవారి బస్సులోనే ఇంటికి వెళుతూ ప్రమాదంలో మరణించిన ఆ డ్రైవరు డ్యూటీలో మరణించినట్లేనని మెజారిటీ న్యాయమూర్తులు తేల్చారు. రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చదవండి. యజమాని సొంత వాహనంలో, యజమాని ఏర్పాటుపై ప్రయాణించే పనివాని విషయంలో సందేహానికి తావులేదు. విశాఖ ఉద్యోగుల సంగతి అంతకన్నా స్పష్టం: పంపింది ప్రభుత్వం, విమానం ప్రభుత్వానిది, నడిపిందీ ప్రభుత్వమే.

డ్యూటీ నిర్వహణలో ప్రమాదవశాత్తు మరణించిన కేంద్ర పౌర ఉద్యోగి కుటుంబానికి చెల్లించే ఎక్స్‌గ్రేషియాను ఏడవ వేతన సంఘం అనంతరం 2016లో 25 లక్షల రూపాయలుగా నిర్ణయించారు. బాగున్నది. కాని శరీరం దొరకనప్పుడు ‘మరణించిన’ అన్న మాటను ఎవరు, ఎప్పుడు వ్రాయాలి? 1872 నాటి సాక్ష్య చట్టపు 108వ సెక్షను ఏడేళ్లపాటు కబురు తెలియనివాడు మరణించినట్లు భావించమన్నది. దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోను అదే గడువు. ఆచూకీ తెలియని ఉద్యోగి కుటుంబం కోసం 1986 ఆగస్టు 29న పెన్షన్ శాఖ ఉత్తర్వు ఇచ్చింది: పోలీసు ఫిర్యాదు, రిపోర్టు, పూచీపత్రం, ఆపైన ఏడాది నిరీక్షణ. ఆ ఏడాదిని తరువాత ఆరు నెలలకు తగ్గించారు. కాని 2004 జనవరి 1 తరువాత చేరి కొత్త పెన్షను పథకంలో పడిన ఉద్యోగుల కుటుంబాలకు ఆ మాత్రం ఊరట కూడా 2022 వరకు అందలేదు. వారు ఏడేళ్లు వేచి ఉండవలసి వచ్చింది. ఉద్యోగి ఒక్కడే, పని ఒక్కటే. చేరిన తేదీని బట్టి అతని భార్య కన్నీటికి గడువు మారిపోయింది!

ఇప్పుడు ఆంటొనోవ్ వద్దకు తిరిగి వద్దాము. 2016 సెప్టెంబరు 15న గాలింపును విరమించి, విమానంలోని వారెవరూ సజీవులై ఉండే అవకాశం లేదని వైమానిక దళం కుటుంబాలకు తెలియజేసింది. ప్రమాదం జరిగి అప్పటికి 55 రోజులు. అంటే, ప్రభుత్వం తలచుకొంటే ఏడేళ్లూ అక్కరలేదు, ఆరు నెలలూ అక్కరలేదు. విమానంలో ఎవరెవరు ఉన్నారో జాబితా ఉన్నది, ఏమి జరిగిందో ఊహకు అందుతున్నది, కనుక రెండు నెలలలోపే తేల్చవచ్చునని ప్రభుత్వమే ఆచరణలో చూపింది. మరి వరదలో గండిపడిన కట్టపై గస్తీ తిరుగుతూ కొట్టుకుపోయిన ట్రాక్‌మన్ విషయంలో ఎందుకు తేల్చరాదు? టపా సంచితో ఏరు దాటుతూ పడవతో మునిగిన గ్రామీణ డాక్ సేవకుని విషయంలో ఎందుకు తేల్చరాదు? వారు కూడా డ్యూటీ రిజిస్టరులో సంతకం చేసి వెళ్లినవారే గదా?

ఇది మన సంగతి కూడా

రైల్వే, తపాలా ఉద్యోగులకు ఈ విమానంతో సంబంధమేమిటని అడిగేవారుండవచ్చు. అనిల్ కకోద్కర్ అధ్యక్షతన ఏర్పడిన రైల్వే భద్రతా సమీక్షా సంఘం 2012లో సమర్పించిన నివేదికను చదవమని వారికి మనవి. 2007–08 నుండి 2011 అక్టోబరు వరకు సుమారు 1,600 మంది రైల్వే ఉద్యోగులు పనిలో మరణించారని అందులో ఉన్నది. సుమారు నాలుగున్నర ఏళ్లలో పదహారు వందల మంది! పట్టాలమీద పడిన ఆ శవాలకు పత్రికలలో పతాకశీర్షికలు లేవు. ఆంటొనోవ్‌లో పోయిన ఎనిమిదిమంది, పట్టాలపై పోయిన 1,600 మంది ఒకే సూత్రానికి బలి అయ్యారు: పని చేయించుకొనేవాడు పనికి ఖర్చుపెడతాడు గాని, పనివాని రక్షణకు ఖర్చుపెట్టడానికి ప్రమాదం జరిగేదాకా వేచి చూస్తాడు.

తపాలాశాఖలో గ్రామీణ డాక్ సేవకుల మాట చెప్పనక్కరలేదు. వీరు కూడా సివిల్ పదవి నిర్వహించేవారేనని 1977లోనే సుప్రీంకోర్టు రాజమ్మ కేసులో తేల్చింది. అయినా రెగ్యులర్ ఉద్యోగి పెన్షను వారి దరికి చేరలేదు. పంపేటప్పుడు ప్రభుత్వోద్యోగి, పోయినప్పుడు పరాయివాడు. ఈ ద్వంద్వనీతినే మనం తుదముట్టించాలి.

మన కోర్కెలు

మిత్రులారా, ఆవేశం చల్లారిన తరువాత కూడా మిగిలేది కాగితంపై వ్రాసుకొన్న కోర్కె ఒక్కటే. కాబట్టి స్పష్టంగా వ్రాసుకొందాము.

ఒకటి: పౌర ఉద్యోగిని సైనిక, శాఖాపరమైన లేక అద్దె వాహనంలో డ్యూటీపై పంపే ప్రతి ఉత్తర్వులోను, ఆ వాహనంలో తగిన రక్షణ, అన్వేషణ పరికరాలు ఉన్నట్లు సంతకం చేసే అధికారి ధ్రువీకరించాలి. అది లేనిపక్షంలో ఉద్యోగికి పౌర విమానంలోగాని ఓడలోగాని వెళ్లే హక్కు ఉండాలి. నిరాకరించినందుకు శిక్ష ఉండరాదు.

రెండు: సముద్రం దాటే ప్రతి ప్రభుత్వ రవాణా విమానంలోను నీటి అడుగున సంకేతమిచ్చే బీకన్ తప్పనిసరి కావాలి.

మూడు: డ్యూటీలో ఉండగా ప్రమాదానికి లోనై శరీరం దొరకని ఉద్యోగి విషయంలో, ఏ పెన్షను పథకానికి చెందినవాడైనా, గ్రామీణ డాక్ సేవకుడైనా, 60 రోజులలోగా శాఖయే మరణ నిర్ధారణ చేయాలి. అంతవరకు పూర్తి జీతం కుటుంబానికి చెల్లించాలి. పోలీసు స్టేషను చుట్టూ, తహసీలుదారు కచేరీ చుట్టూ తిరగవలసినది శాఖ ప్రతినిధియే గాని, భర్తను పోగొట్టుకొన్న స్త్రీ కాదు.

నాలుగు: పౌర ఉద్యోగులు మరణించిన ప్రతి ప్రమాదంలోను విచారణ సారాంశాన్ని, రక్షణ రహస్యాలు మినహాయించి, కుటుంబాలకు, గుర్తింపు పొందిన సంఘాలకు వ్రాతపూర్వకంగా ఇవ్వాలి. శకలాల చోటు తెలిసింది కనుక ఆంటొనోవ్ విషయంలో ఈ పని మొదట జరగాలి.

శాఖా కార్యదర్శులకు మా విజ్ఞప్తి ఒక్కటే. ఈ నాలుగు కోర్కెలను మీ తదుపరి సర్వసభ్య సమావేశంలో చదవండి. తీర్మానం చేసి డివిజనల్ అధికారులకు అందజేయండి. మీ శాఖలో డ్యూటీపై వెళ్లి తిరిగిరానివారి పేర్లు, వారి కుటుంబాలకు అందినవి, అందనివి పట్టిక వ్రాసి సమాఖ్య కార్యాలయానికి పంపండి. సంయుక్త సంప్రదింపుల సభలో ఆ పట్టికను బల్లపై పెట్టి మాట్లాడతాము. ఎవరి సంతకంతో ఎవరు బయలుదేరారో ఒక్కొక్క పేరు చదివి అడుగుతాము.